సంజీవ్ కపూర్ మన వంటింటికి మేలు చేశారా?

పోపులపెట్టె:
సంజీవ్ కపూర్ గారికి 2017లో పద్మశ్రీ వచ్చినప్పటి నుంచి నన్ను వదలని సందేహం ఇది. 1993లో జీ టీవీలో మొదలైన ‘ఖానా ఖజానా’లో ఏళ్ల తరబడి ఆయన నేర్పింది ఇంటి వంటా, హోటల్ వంటా? ముంబైలోని సెంటార్ హోటల్ వంటశాల నుంచి వచ్చిన మనిషి కనుక ప్రతిదానికీ చెంచాల లెక్క తెచ్చారు. దాంతో మన ఇళ్లలో చేతి అంచనా పోయిందని నా అభిప్రాయం.

కృష్ణాతీరం:
చెంచాల లెక్కను తప్పుపట్టడం న్యాయం కాదు. 1998లో నేను ఉద్యోగానికి పుణె వెళ్లినప్పుడు అమ్మ ఉత్తరంలో గుప్పెడు, చిటికెడు అని రాస్తే, నా చేతిలో పప్పుచారు మూడుసార్లు పాడైంది. పక్కవాటా వాళ్ల టీవీలో ఆయన చెంచాతో కొలిచి చూపిస్తే వంట పట్టుబడింది. పొయ్యి దగ్గర నిలబడి అంత సంతోషంగా మాట్లాడే మగవాడిని అంతకుముందు మా ఇళ్లలో ఎవరం చూశాం?

పోపులపెట్టె:
ముద్ద ఇంగువకూ, పిండి కలిపి అమ్మే ఇంగువ పొడికీ ఒకే చెంచా ఎలా సరిపోతుంది? ఘాటును బట్టి చిటికెడు మారుతుంది.

చింతచిగురు:
మా ఇంట్లో ఆవకాయకు సోల, కూరకు చెంచా. రెండూ నడుస్తున్నాయి.

కృష్ణాతీరం:
పోపులపెట్టె గారూ, మీరు ఇంగువ దగ్గరే ఆగిపోయారు. 2017 నవంబరులో ఢిల్లీలో ఆయన ఆధ్వర్యంలో 918 కిలోల ఖిచిడీ వండారు. అంత గుండిగకు చేతి అంచనా పనికొస్తుందా?

పోపులపెట్టె:
మన పెళ్లిళ్లలో వెయ్యిమందికి పులిహోర కలిపేది చేతి అంచనాతోనే. మీకు కోపం వచ్చినా సరే, అసలు మాట చెబుతాను. మా అమ్మకు హిందీ రాదు. ఆ కార్యక్రమం చూస్తూ, పాత క్యాలెండరు కాగితం వెనుక ‘జీరా అంటే జీలకర్ర, రాయీ అంటే ఆవాలు’ అని తెలుగులో రాసుకునేది. అలా నేర్చుకుని పనీర్ కూర చేసిన రోజున మా నాన్నగారు, “టీవీలో అతను ఎంత బాగా చెప్పాడో” అన్నారు. ముప్పై ఏళ్లు తిన్న గుత్తివంకాయ గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు.

కృష్ణాతీరం:
ఆ బాధ నిజమే, కానీ దానికి ఆయనెలా బాధ్యులు? తర్లా దలాల్ గారు 1966లో ఇంట్లోనే వంట తరగతులు మొదలుపెట్టారు, 1974లో మొదటి పుస్తకం వేశారు. ఆమెకు పద్మశ్రీ ఈయన కంటే పదేళ్ల ముందే, 2007లో వచ్చింది. ఆడవారి వంటను దేశం గుర్తించలేదని ఎలా అంటారు?

పోపులపెట్టె:
ఆమెకైనా గుర్తింపు వచ్చింది నలుగురికి నేర్పినందుకే గాని, ఇంట్లోవాళ్లకు రోజూ వండిపెట్టినందుకు కాదు. మీరు వంట నేర్చుకుంటే మీ గదిలోని వారు మెచ్చుకుని ఉంటారు. మీ అమ్మగారిని ఎవరైనా ఎప్పుడైనా మెచ్చుకున్నారా?

కృష్ణాతీరం:
గదిలో అందరూ మెచ్చుకున్న మాట నిజం. అమ్మ సంగతి మీరు అడిగేదాకా నాకు తోచలేదు. అయినా చెంచాల లెక్క విషయంలో నా మాట మారదు.