హెల్త్ సర్‌చార్జి కట్టాక పన్నూ కట్టాలా? యూకేలో మన వాళ్ళ మాట

కోవెంట్రీ_నాన్న:
స్కిల్డ్ వర్కర్ వీసా మూడేళ్ళకు పొడిగించుకున్నాం. ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాడుకోవడానికి వీసాతో పాటు కట్టే రుసుము) నాకూ మా ఆవిడకూ ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున, పాపకు 776. మూడేళ్ళదీ ముందే కట్టేయాలి. మొత్తం 8,538 పౌండ్లు, వీసా ఫీజు వేరే. కొంత క్రెడిట్ కార్డు మీద గీకి, కొంత బావమరిది దగ్గర తీసుకున్నాను. ఇంత కట్టాక కూడా ప్రతి నెలా పేస్లిప్పులో ఇన్‌కమ్ ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి తీసే సామాజిక భద్రతా చందా) కోత పడుతూనే ఉంది. ఎన్‌హెచ్‌ఎస్ నడిచేదే ఆ డబ్బుతో కదా! నా పక్క సీట్లో ఉండే ఇంగ్లీషు కొలీగ్ ఒకసారి కడుతున్నదానికి నేను రెండుసార్లు కడుతున్నాను. 2015లో మొదలైనప్పుడు ఏడాదికి 200 ఉండేది, 2024 ఫిబ్రవరి నుంచి 1,035. ఇది న్యాయమని ఎవరైనా అనగలరా?

లెస్టర్_పాతకాపు:
నేను అంటాను అన్నా. 2017లో వచ్చాను. మా బాబు నెలలు నిండకుండా పుట్టాడు. అర్ధరాత్రి ఆపరేషన్, ఆ తర్వాత పదకొండు రోజులు వాడు గాజు పెట్టెలోనే. డిశ్చార్జి రోజున ఫైలు పట్టుకుని బిల్లు ఎక్కడ కట్టాలని అడిగాను. నర్సమ్మకు నా ప్రశ్నే అర్థం కాలేదు, కారు పార్కింగు మెషీన్ ఎటుందో చూపించింది. అదే పదకొండు రోజులు హైదరాబాదులో కార్పొరేట్ ఆసుపత్రిలో ఉంటే మా నాన్న పొలం మీద చెయ్యి వేయాల్సి వచ్చేది. అమెరికాలో ఉన్న మా తమ్ముడు నెలనెలా ప్రీమియం కట్టి, పైన డిడక్టిబుల్ (బిల్లులో ముందుగా తన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) కూడా కడతాడు. నాకు ఈ సర్‌చార్జి బరువుగా అనిపించలేదు.

కోవెంట్రీ_నాన్న:
బాబు క్షేమంగా ఉన్నాడు, సంతోషం తమ్ముడూ. కానీ నా ప్రశ్న వైద్యం మంచిదా కాదా అని కాదు. మీరు వచ్చినప్పుడు 200, ఇప్పుడు 1,035. పైగా మనం పాతికా ముప్పై ఏళ్ళకు, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు వస్తాం. మన చదువుకు ఈ దేశం పైసా పెట్టలేదు, వచ్చిన నెల నుంచే పన్ను కడుతున్నాం. మధ్యలో ఉద్యోగం పోయి వెళ్ళిపోతే మిగిలిన ఏళ్ళ సర్‌చార్జి వెనక్కి ఇవ్వరు కూడా. వీసా రిజెక్ట్ అయితే మాత్రం ఇస్తారు.

ఎమ్మెస్సీ_లీడ్స్:
ఉద్యోగం ఉన్నవాళ్ళు పన్ను గురించి మాట్లాడుతున్నారు. మా సంగతి చూడండి. ఏడాది ఎమ్మెస్సీకి 17 నెలల వీసా ఇచ్చారు, దానికి 1,164 పౌండ్లు అప్పు చేసి కట్టాను. జనవరిలో గొంతు వాచి నీళ్ళు కూడా మింగుడు పడలేదు. అప్పటిదాకా జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. దగ్గర్లోని సర్జరీకి (జీపీ క్లినిక్‌ని ఇక్కడ అలాగే అంటారు) వెళ్తే రిసెప్షన్‌లో అడ్రస్ ప్రూఫుగా కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) బిల్లు అడిగారు. ఆరుగురం షేరింగ్‌లో ఉండే ఇల్లు, నా పేరు మీద బిల్లు ఎక్కడిది? వానలో తిరిగొచ్చి, అమ్మ సూట్‌కేసులో పెట్టిన డోలో వేసుకుని పడుకున్నాను. ఆ 1,164తో నాకు ఏం వచ్చింది?

గ్లాస్గో_నర్సు:
తమ్ముడూ, నీ పోస్టు చదివి బాధేసింది. ముందే చెప్తున్నా, నాది హెల్త్ అండ్ కేర్ వీసా, మాకు ఈ సర్‌చార్జి లేదు. అందుకని న్యాయం అన్యాయం నేను తేల్చను. కానీ రోజూ వార్డులో నాకు కనిపించేది ఒకటి చెప్తాను. మన వాళ్ళు డబ్బు మొత్తం కట్టి, రోగం ముదిరాక వస్తారు. అదే నాకు పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది.

అడ్రస్ ప్రూఫ్ లేదని, పాస్‌పోర్టు లేదని ఇంగ్లండులో ఏ జీపీ సర్జరీ పేరు రాసుకోవడానికి నిరాకరించకూడదు. ఆ రిసెప్షనిస్టుది తప్పు. కాదంటే, కారణం రాసిమ్మని అడుగు, 14 రోజుల్లో రాసివ్వాలి. గొంతు నొప్పికి డాక్టరు దాకా వెళ్ళక్కర్లేదు. 2024 జనవరి నుంచి అక్కడ మందుల షాపులో ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇస్తున్నారు. రాత్రిళ్ళు ఏం చేయాలో తోచకపోతే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కి ఫోన్ చెయ్యి. మాకు స్కాట్లాండులో మందులు 2011 నుంచి ఉచితం. మీకు ఇంగ్లండులో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు పడుతుంది. చేతిలో డబ్బు తక్కువుంటే హెచ్‌సీ1 ఫారం నింపి పంపు. హెచ్‌సీ2 సర్టిఫికెట్ వస్తే మందులు, కంటి పరీక్ష, ఎన్‌హెచ్‌ఎస్ పంటి వైద్యం అన్నీ ఉచితమే. స్టూడెంట్లకూ ఇస్తారు.

ఎమ్మెస్సీ_లీడ్స్:
అక్కా, హెచ్‌సీ1 పేరే ఇప్పుడు వింటున్నాను. పంటి డాక్టర్ల సంగతి మాత్రం అడక్కండి, నాలుగు చోట్ల అడిగితే కొత్త ఎన్‌హెచ్‌ఎస్ పేషెంట్లను తీసుకోవడం లేదన్నారు. జ్ఞానదంతం ఇంటికి వెళ్ళినప్పుడు గుంటూరులో పీకించుకుంటాను.

లెస్టర్_పాతకాపు:
పళ్ళ విషయంలో నేనూ ఒప్పుకుంటాను. జీపీ అపాయింట్‌మెంటు కోసం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవడం కూడా నరకమే. కోవెంట్రీ అన్నా, ఒక్కటి. కొన్ని కంపెనీలు సర్‌చార్జి తామే కడతాయి. చట్టం ప్రకారం కట్టాలని లేదు, కానీ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు అడిగితే ఒప్పుకునేవాళ్ళున్నారు. మా టీములో ఇద్దరికి అలా వచ్చింది.

కోవెంట్రీ_నాన్న:
నాకెవరూ చెప్పలేదు, చెప్తే అడిగేవాణ్ణి. రెండుసార్లు కట్టించుకోవడం తప్పనే నా మాట మారదు. కనీసం పన్ను కట్టేవాళ్ళకైనా తగ్గించాలి. నర్సమ్మగారూ, మా అమ్మ విజిటర్ వీసా మీద మార్చిలో వస్తోంది. బీపీ, షుగరు ఉన్నాయి. ఆవిడకు సర్‌చార్జి లేదు కదా, ఇక్కడ ఏమైనా అయితే?

గ్లాస్గో_నర్సు:
ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం రానివ్వకండి. మీ ఇంగ్లండులో ఎమర్జెన్సీ విభాగంలో చూసినంతవరకు డబ్బు తీసుకోరు. వార్డులో చేర్చుకున్నారంటే అక్కణ్ణుంచి ఎన్‌హెచ్‌ఎస్ రేటు మీద 150 శాతం బిల్లు. 500 పౌండ్లు దాటిన బాకీ రెండు నెలలు కట్టకుండా ఉంటే ఆవిడకు తర్వాతి వీసా కష్టమవుతుంది. పాలసీ తీసుకునేటప్పుడు బీపీ, షుగరు దాచకండి. దాస్తే క్లెయిమ్ అక్కడే ఆపేస్తారు. మందులు మూడు నెలలకు సరిపడా ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోమనండి, అవి చేతి సంచీలోనే పెట్టుకోమనండి.