అప్‌డేట్: ప్రకటనల్లేకుండా కేసులెలా వస్తాయని అడిగాను కదా

లాయరుగా ప్రాక్టీసు పెట్టి రెండేళ్లయినా కేసుల్లేవు, ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇవ్వొచ్చా అని అడిగాను. ఇవ్వకూడదు. బార్ కౌన్సిల్ 36వ నిబంధన ఒప్పుకోదు. 2008 సవరణ తర్వాత వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, చూసే కేసుల రకం లాంటివి పెట్టుకోవచ్చు, అంతే.

మీలో ఒకరు చెప్పినట్టే ఉచితంగా న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్ల ప్యానెల్‌లో చేరాను. మొదటిది ఒకామె మనోవర్తి కేసు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని పాపం ఆమెకు అప్పటిదాకా తెలీదు. ప్రతి వాయిదాకీ తర్వాతి తేదీ, ఆ రోజు కోర్టులో ఏం జరుగుతుందో ఆమె తెచ్చుకున్న చిన్న నోటుబుక్కులో తెలుగులో రాసిచ్చేవాణ్ణి. పోయిన వారం ఆ బుక్కు చూసే వాళ్ల పక్కింటాయన పొలం గట్టు తగాదాతో నా దగ్గరికొచ్చాడు.

కమీషన్ ఇస్తే కేసులు తెస్తానన్న బ్రోకర్ని వద్దని పంపేశాను. థాంక్సండీ అందరికీ.