పెంకుటిల్లు పైకప్పుకి రెండు కొటేషన్లు, లక్షా పాతిక తేడా. ఎవరికి ఇవ్వాలి?

కోనసీమబిడ్డ: అమలాపురం దగ్గర మా అమ్మ ఉండే బెంగుళూరు పెంకుటిల్లు. వాసాలకు చెద పట్టింది, వానొస్తే వంటింట్లో గిన్నెలు పరుచుకోవాల్సిందే. పెంకు, రీపర్లు (పెంకు ఆనే సన్న చెక్క పట్టీలు), పాడైన వాసాలు మార్చడానికి ఊళ్లో మేస్త్రి 3.40 లక్షలన్నాడు, అరఠావు కాగితం మీద ఒకే అంకె. రాజమండ్రి కాంట్రాక్టర్ 4.65 లక్షలు, రెండు పేజీలు. తమ్ముడు మేస్త్రికే ఇచ్చేద్దాం అంటున్నాడు. నేనుండేది హైదరాబాద్‌లో, దగ్గరుండి చూసుకోలేను.

లెక్కలమాస్టారు: ఇద్దరూ ఎన్ని చదరపు అడుగులకు లెక్క కట్టారు?

కోనసీమబిడ్డ: మేస్త్రి 1000, కాంట్రాక్టర్ 1310. ఇల్లు 25 బై 40, అంటే వెయ్యే కదా, రెండో ఆయన ఎక్కువ రాసి గుంజుతున్నాడేమోనని నా అనుమానం.

లెక్కలమాస్టారు: అది నేల కొలతండీ. చూరు నాలుగు వైపులా అడుగు చొప్పున బయటికొస్తే 27 బై 42, అంటే 1134. వాలు 30 డిగ్రీలుంటే దాన్ని 1.155తో గుణించాలి, సరిగ్గా 1310. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి, మేస్త్రి వదిలేసిన 310 అడుగులకే 430 పెంకులు. సగం కప్పాక పెంకు చాల్లేదంటాడు, అప్పటికి ఇల్లు విప్పేసి ఉంటుంది, అడిగినంత ఇవ్వక ఏం చేస్తారు?

గోదారిగట్టు: మాస్టారూ, కాగితం ఇల్లు కప్పదు. మా ఇంటికి రెండు పేజీలు రాసిచ్చినాయన మొదటి వానకి కారితే ఫోనే ఎత్తలేదు. ఊరి మేస్త్రైతే పొద్దున్నే టీకొట్టు దగ్గర పట్టుకోవచ్చు. 96 తుఫానుకి మా పెంకు సగం లేచిపోతే నిచ్చెన భుజాన వేసుకొచ్చింది ఊళ్లో వాడే.

తాపీపనోడు: పాత సామాను ఎవరిదని రాశాడో చూడండి ముందు.

కోనసీమబిడ్డ: ఇప్పుడే తమ్ముడు మేస్త్రి కాగితం ఫొటో పంపాడు. అడుగున చిన్నగా "పాత కలప మాదే" అని ఉంది! మా తాత వేయించిన టేకు దూలాలు రెండున్నాయి, వాటికి చెద తగల్లేదు, మార్చాల్సిన పనే లేదు.

గోదారిగట్టు: దాన్ని మోసం అనకండి. మా వైపు విప్పిన సామాను పనివాడికే వదిలేస్తారు. దూలాలు ముట్టుకోవద్దని చెప్తే సరిపోతుంది.

లెక్కలమాస్టారు: చెప్పడం కాదు, రాయించండి. వాసాలు ఎన్ని మారుస్తాడో కూడా. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, దిగబడిన ప్రతిదానికీ సుద్దగీత పెట్టి లెక్కేయండి.

కోనసీమబిడ్డ: ఆదివారం వెళ్లొచ్చాం. 56 వాసాల్లో 19కి గీత పడింది. మేస్త్రిని కూర్చోబెట్టి 1310 అడుగులకు మళ్లీ రాయిస్తే 4.10 తేలింది, దూలాలు మావే. డబ్బు నాలుగు దఫాలు, ఆఖరిది మొదటి వాన పడ్డాక ఇస్తామన్నాం. ఆ ఒక్కదానికీ ఇంకా తలూపలేదు, బీడీ వెలిగించుకుని చూరు వంక చూస్తూ కూర్చున్నాడు.