పెందుర్తిలో ఇల్లు: కాంట్రాక్టర్‌కి ఇచ్చేయాలా, లేబర్‌కి మాత్రమే ఇచ్చి నేనే కట్టించుకోవాలా?

పెందుర్తి_200గజాలు:
అందరికీ నమస్తే. విశాఖలో పెందుర్తి దగ్గర 200 గజాల స్థలం ఉంది, జి ప్లస్ వన్ వేద్దామనుకుంటున్నాం. ఎల్‌టీపీ (ప్లాన్ గీసి అనుమతికి పెట్టే లైసెన్స్ ఉన్న టెక్నికల్ మనిషి) ద్వారా పెట్టిన ప్లాన్ అప్రూవ్ అయింది. కాంట్రాక్టర్ మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగుకి 2,200 చెప్పారు. మా మామయ్య మాత్రం సిమెంటు, ఐరన్, ఇసుక నువ్వే కొనుక్కుని మేస్త్రీకి లేబర్ మాత్రమే ఇవ్వు, బోలెడు మిగులుతుంది అంటున్నారు. నాది షిఫ్ట్ డ్యూటీ, మా ఆవిడ టీచర్, కట్టుబడి గురించి ఇద్దరికీ ఏమీ తెలియదు. నిజంగా అంత మిగులుతుందా? ఉన్నదంతా దీనిమీదే పెడుతున్నాం, టెన్షన్‌గా ఉంది.

కొమ్మాది_అమ్మాయి:
అన్నయ్యా, మేం రెండేళ్ల క్రితం అలాగే కట్టించుకున్నాం, రోజూ సైట్ చూసింది నేనే. మిగిలింది, కాదనను, కానీ మీ మామయ్యగారు అనుకున్నంత కాదు, ఎందుకంటే కాంట్రాక్టర్ తనకి మిగుల్చుకునే డబ్బులో చాలాభాగం అక్కడ నిలబడినందుకే, ఆ నిలబడడం ఇప్పుడు మీరు చేయాలి. స్లాబ్ రోజు నేను ఒక్క పది నిమిషాలు ఫోన్ మాట్లాడి వచ్చేసరికి మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర మాలు జారుగా ఉంటే పోయడం తేలికని బకెట్లతో నీళ్లు కొట్టేస్తున్నారు! ఆపించి, నీళ్లకి ఒక కొలత డబ్బా పెట్టించి, సాయంత్రం దాకా అక్కడినుంచి కదల్లేదు.

ఇంకోటి, డబ్బు ఎప్పుడూ పనికంటే ముందు వెళ్లకూడదు. మా మేస్త్రీ డిసెంబర్‌లో ప్లాస్టరింగ్‌కి అడ్వాన్స్ తీసుకున్నాడు, సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లిన మనుషులు ఫిబ్రవరి రెండో వారానికి గానీ తిరిగి రాలేదు. పునాది, బేస్‌మెంట్, స్లాబ్, గోడలు అని దశలు రాసుకుని, దశ అయ్యాకే ఇవ్వండి. సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద పలకలు, పోట్లు కట్టడం), రాడ్ బెండింగ్ ఆ రేటులోనే ఉన్నాయా, పరంజి కర్రలు ఎవరివి అన్నది కూడా ముందే కాగితం మీద పెట్టండి. మాకు గొడవంతా అక్కడే వచ్చింది.

రిటైర్డ్_సివిల్:
బాబూ, ఆ అమ్మాయి చెప్పిన నీళ్ల సంగతి చిన్నది కాదు. మన ఊళ్లో ఉప్పు గాలి ఉంది, నీళ్లెక్కువైన కాంక్రీటులో సన్నని రంధ్రాలు పడతాయి, వాటిగుండా తేమ, ఉప్పు లోపలికి వెళ్లి ఐరన్ తుప్పు పట్టి ఉబ్బుతుంది, అప్పుడు స్లాబ్ కింద పెచ్చులు ఊడతాయి. బీచ్ వైపు పాత అపార్ట్‌మెంట్లు చూడండి, తెలుస్తుంది. అందుకే కవర్ బ్లాకులు (ఐరన్‌కీ కాంక్రీటు అంచుకీ మధ్య దూరం, అంటే కవర్, ఉంచే చిన్న దిమ్మలు) మీరే కొని ఇవ్వండి, వాటి బదులు పిక్క రాళ్ల ముక్కలు పెట్టనివ్వకండి. స్తంభాలకి ఆ కవర్ 40 ఎంఎం తగ్గకూడదు, స్లాబ్‌కి ఎంతో మీ ఇంజనీరు చేత డ్రాయింగ్ మీద రాయించండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కాంక్రీటుకి వాడొద్దు.

ఐరన్ దిగగానే ఒక రాడ్డు తూకం వేయించండి. 12 ఎంఎం అయితే మీటరుకి 0.888 కిలోలు, అంటే 12 మీటర్ల రాడ్డు 10.6 కిలోల పైచిలుకు. బాగా తక్కువ తూగితే ఆ లోడు దించుకోవద్దు. ఇసుక ఉచితమన్నా రవాణా మనదే కదా, కాబట్టి లారీ దించేలోపే గాజు సీసాలో కాస్త ఇసుక, నీళ్లు వేసి గిలకరించి చూడండి, పైన మట్టి మందంగా పేరుకుంటే వెనక్కి పంపేయండి. పీపీసీ (ఫ్లైయాష్ కలిసిన) సిమెంటుకి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు: స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి, స్తంభాలకి గోనె సంచులు చుట్టాలి. సెంట్రింగ్ సామాను అద్దె పెరుగుతోందని మేస్త్రీ తొందరపెడతాడు, దూలాల కింద ఆనించిన పోట్లు మాత్రం 14 రోజులకి ముందు తీయనివ్వొద్దు.

గాజువాక_వాసు:
నేను ఒప్పుకోను. షిఫ్ట్ డ్యూటీ మనిషి నైట్ చేసి వచ్చి పొద్దున్నే స్లాబ్ దగ్గర నిలబడగలడా? మేం కాంట్రాక్టర్‌కే ఇచ్చాం, ఏ బ్రాండ్ సిమెంటు, ఏ గ్రేడు ఐరన్, ఏ పైపులు అన్నీ అగ్రిమెంట్‌లో రాయించాం, ఇంటికి వచ్చి నిద్రపోయాం. దానికి డబ్బు ఎక్కువైతే అయింది.

పెందుర్తి_200గజాలు:
వాసు గారూ, మీరన్నదే నా భయం కూడా. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. లేబర్‌కే ఇస్తాం, కానీ మేస్త్రీతో సంబంధం లేని సివిల్ ఇంజనీర్‌ని విడిగా పెట్టుకుంటాం, ప్రతి కాంక్రీటుకీ ముందు రోజు ఐరన్ చూసి ఆయన సరే అంటేనే పోయడం. స్లాబులకి నేను సెలవు పెడతాను, మడుల్లో నీళ్లు మా ఆవిడ స్కూలుకి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూస్తుంది. సార్, శంకుస్థాపన ఆషాఢం దాటాక అంటున్నారు ఇంట్లో, అప్పుడు స్లాబ్ అక్టోబర్‌కి పడుతుంది, పర్వాలేదా?

రిటైర్డ్_సివిల్:
పర్వాలేదు. కాకపోతే అది తుఫానుల కాలం, స్లాబ్ తేదీ పెట్టే ముందు నాలుగు రోజుల వాతావరణ సూచన చూడండి, టార్పాలిన్లు సిద్ధంగా ఉంచండి, సిమెంటు బస్తాలు నేలకి తగలకుండా చెక్కల మీద పేర్పించండి. పచ్చి పిట్టగోడ కట్టి వదిలేయకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి మా వీధిలో ముందు పడినవి అవే.