పికప్ మీద లేచే పైకప్పు: వానాకాలం ఎలా గడుపుతున్నారు?

హొరమావు_పికప్
రెండు నెలల క్రితం నా ఇసుజు వీ-క్రాస్ పికప్ వెనుక తొట్టి మీద టాపర్ బిగించాను, అంటే తొట్టిని మూసే గూడు, దాని పైకప్పు లేపితే చుట్టూ కాన్వాస్ గుడ్డ గోడలు తెరుచుకుంటాయి. నేనూ మా ఆవిడా ఇప్పటికి ఐదు రాత్రులు అందులో పడుకున్నాం. నాలుగు సంగతులు అడగాలి. ఒకటి, మా అపార్ట్‌మెంట్ సెల్లారు ఎత్తు 2.1 మీటర్లు. బండి ఇప్పుడు లోపలికి పోవడం లేదు, వీధిలో పెడుతున్నాను. రెండు, రిజిస్ట్రేషన్ కాగితాలు. మూడు, మా అమ్మకు 68 ఏళ్లు. ఆమెను పై పరుపు మీదికి ఎక్కించే ఉపాయం ఏదైనా ఉందా? నాలుగు, మొన్న హార్స్‌లీ హిల్స్‌లో ఒక్క చినుకు పడలేదు, అయినా తెల్లవారి లేచేసరికి కాళ్లవైపు పరుపు తడిసి ఉంది. కుట్టు దగ్గర కారుతోందని నా అనుమానం. తయారుచేసినవాళ్లు ఫోను ఎత్తడం లేదు.

పీన్యా_ఫిట్టర్
నాలుగో దానికి నేను చెబుతాను. అది కారడం కాదు. మూసిన గదిలో ఇద్దరు పడుకుంటే తెల్లవారేసరికి ఊపిరిలోనూ ఒంటి మీదుగానూ కలిపి సుమారు అర లీటరు నీరు గాలిలో చేరుతుంది. మీ గది మంచం కంటే కాస్త పెద్దది, అంతే. ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక చల్లబడిన అల్యూమినియం చట్రానికి పట్టి చుక్కలవుతుంది. పైకప్పు కీలు ముందువైపు ఉండి వెనుక లేచే రకమైతే చుక్కలన్నీ వాలు వెంట జారి కాళ్ల దగ్గరే చేరతాయి. షీట్‌మెటల్ పనిలో నాకు 14 ఏళ్ల అనుభవం. ఇప్పటికి 11 టాపర్లు నా చేతులతో కట్టాను, ఆ 11 మందీ ఇదే అడిగారు. రెండువైపులా కిటికీ జిప్పులు నాలుగు వేళ్ల మేర తెరిచి పడుకోండి.

గండికోట_దారి
అందరిదీ ఊపిరే అంటే ఎలా? నాకూ ఇదే చెప్పారు. నమ్మి ఒక వానాకాలమంతా జిప్పులు తెరిచి పడుకున్నాను. చివరికి ఒక రాత్రి బయట మా తమ్ముణ్ణి టార్చిలైటుతో నిలబెట్టి నేను లోపలినుంచి చూశాను. మూల కుట్టు వెంట సూది రంధ్రాలు చుక్కల్లా వెలుగుతున్నాయి, వాటి చుట్టూ నల్లటి బూజు. పరుపు అడుగున అరచేతితో నొక్కితే నీరు ఊరింది. ఎనిమిది వేలు పెట్టి కొన్న పరుపు పారేశాను. రంధ్రాల మీద సిలికాన్ పూశాకే ఆ బాధ తీరింది.

పీన్యా_ఫిట్టర్
కాటన్ కలిసిన కాన్వాస్ మీద సిలికాన్ పూశారా? ఒకసారి సిలికాన్ పడిన చోట ఆ తర్వాత మైనం కూడా అతకదు. ఆ గుడ్డ కొత్తలో కొంచెం కారుతుంది, అది దాని స్వభావం. రెండు మూడు సార్లు పూర్తిగా తడిపి పూర్తిగా ఆరనివ్వాలి. దారం నీరు తాగి ఉబ్బి సూది రంధ్రాలను మూసేస్తుంది. అప్పటికీ కారితే తేనెమైనం ముద్దతో కుట్టు మీద గట్టిగా రుద్దాలి. ఇంతకు మించి ఏదీ అక్కర్లేదు.

గండికోట_దారి
లక్షలు పోసి కొన్న వస్తువును కొన్నవాడే తడిపి ఆరబెట్టి దారికి తెచ్చుకోవాలా? అమ్మేటప్పుడు ఈ మాట ఒక్కరైనా చెప్పారా? ఏది చెడినా వాడినవాడిదే తప్పు అంటారు.

పీన్యా_ఫిట్టర్
నేను కట్టిన ప్రతి బండికీ ఈ జాగ్రత్తలు తెలుగులోనూ కన్నడంలోనూ రాసి ఇచ్చాను. మీకు కట్టినవారి మీది కోపం నా మీద చూపించకండి. మీ గుడ్డ కారింది, సరే. ఆయనది హార్స్‌లీ హిల్స్‌లో, చినుకు లేని రాత్రి. వాన లేకుండా కుట్టు ఎలా కారుతుంది? దీనికి ముందు జవాబు చెప్పండి.

తిరువాన్మియూర్_తెలుగు
బెంగళూరులో కూర్చుని చెమ్మ గురించి ఇంత వాదించుకుంటున్నారు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక్కసారి ఉండి చూడండి. మాకు గుడ్డ కంటే ఇనుముతోనే ఎక్కువ తగువు. సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఇల్లు. స్టెయిన్‌లెస్ స్టీలని చెప్పి పెట్టిన బోల్టులు ఏడు నెలలకే గోధుమరంగు కన్నీళ్లు కార్చాయి. 304 రకం ఉప్పుగాలికి ఆగదు, 316 అడిగి మరీ వేయించుకోండి. అల్యూమినియం చట్రంలో స్టీలు బోల్టు నేరుగా దిగితే ఉప్పు తేమలో అల్యూమినియమే తినుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు తప్పనిసరి. నాది విప్పి చూస్తే బోల్టు చుట్టూ తెల్లటి పొడి, సున్నంలా.

పీన్యా_ఫిట్టర్
ఈయన చెప్పింది అక్షరాలా నిజం.

ఇద్దరు_పిల్లల_అమ్మ
జిప్పులు తెరవడం గురించి ఇంకొక మాట. దయచేసి లోపల స్టవ్ వెలిగించకండి. లేపాక్షి వెళ్లినప్పుడు వాన అని మా ఆయన లోపలే ఉప్మాకు పోపు పెట్టారు. ఎండుమిర్చి ఘాటుకు పిల్లలు దగ్గుతూ బయటికి పరిగెత్తారు. ఆ ఇంగువ వాసన గుడ్డకు పట్టి నెలైనా పోలేదు. అది పోతుంది, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వాసన కూడా రాదు. మూసిన చోట మంట పెడితే నిద్రలోనే ప్రాణం పోతుంది. అలారం ఒకటి తలవైపు బిగించుకున్నాం. వంట బండి వెనుక తలుపు మీద, బయట, వాన ఉంటే గొడుగు పట్టుకుని. ఇక ఉదయం పెరుగన్నం, ఆవకాయ, పని సులువు.

గండికోట_దారి
వంట సంగతి తర్వాత చూద్దాం. వాన లేకుండా ఎలా కారుతుందని అడిగారు. ముందురోజు వానకు తడిసిన కాన్వాస్‌ను మడిచి మూత దించితే ఆ నీరంతా మడతల్లోనే ఉండదా? మరునాడు పైకప్పు లేపితే అదే పరుపు మీదికి దిగుతుంది. ఆయన ముందురోజు ఎక్కడున్నారో మీరు అడిగారా?

పీన్యా_ఫిట్టర్
అడగలేదు. ఈ మాటలో న్యాయం ఉంది.

కోలారు_రోడ్డు
కాగితాల గురించి ఎవరూ మాట్లాడరేమిటి? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. టాపర్‌ను బాడీకి వెల్డింగ్ చేయించారా, మీ పని చెడింది. క్లాంపులతో బిగించి, కావాలంటే గంటలో దించగలిగేలా ఉంచుకోండి. నేను బండి కాటా వేయించాను, టాపర్ బరువు 168 కిలోలు వచ్చింది. మనుషులు, నీళ్లు, బ్యాటరీ కలిపి కాగితంలో ఉన్న మొత్తం బరువు దాటకూడదు. ఎవరైనా ఆపితే దించి చూపిస్తాను.

వైట్‌ఫీల్డ్_డీజిల్
దించి చూపిస్తే చాలని మీకు ఎవరు చెప్పారు? నన్ను ఒక చోట రెండు గంటలు నిలబెట్టారు. ఒక అధికారి ఒప్పుకుంటే ఇంకొకరు ఒప్పుకోరు. చట్టం తెలిసినట్టు రాస్తే చదివినవారు డబ్బు పోసి ఇరుక్కుంటారు.

కోలారు_రోడ్డు
సెక్షన్ అంకె ఇచ్చాను కదా, చదివి చూడండి. దించి చూపిస్తే వదిలేస్తారని నేను ఎక్కడా రాయలేదు.

వైట్‌ఫీల్డ్_డీజిల్
సరే. టోలు దగ్గర నాది ఇంకొక గోడు. నంబరు ప్లేటు తెల్లదే అయినా నాకు నారింజ రంగు ఫాస్టాగ్ అంటగట్టారు, అది చిన్న సరుకు బండ్లది. కారుకు ఊదారంగుది రావాలి. మార్పించుకోవడానికి రెండు నెలలు తిరిగాను. కొత్తవాళ్లు మొదటి రోజే రంగు చూసుకోండి.

నీలగిరి_బాట
ఎవరూ చెప్పని విషయం ఒకటి. చలిలో పైకప్పు లేపే గ్యాస్ స్ట్రట్ల (వాయువు నింపిన ఆసరా కడ్డీల) బలం తగ్గుతుంది. బెంగళూరు మధ్యాహ్నం 30 డిగ్రీల్లో ఒక చేత్తో లేచినది, ఊటీలో తెల్లవారుజామున 5 డిగ్రీల్లో భుజం పెట్టినా కష్టంగా లేచింది. లోపలి వాయువు ఒత్తిడి ఆ తేడాకు సుమారు ఎనిమిది శాతం పడిపోతుంది. సోలార్ పలక బరువు కూడా పైన ఉంటే అంతే సంగతులు. స్ట్రట్లు కొలిపించుకునేటప్పుడు చలికి సరిపడా అడగండి. ఇంకా, ఊటీ దారిలో బందీపూర్ అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గుండ్లుపేటలో ఆగిపోయి ఒక దాబా వెనుక పడుకున్న రాత్రే నాకు ఈ బండి విలువ తెలిసింది. నీలగిరికి ఈ-పాస్ ముందే తీసుకోండి.

హొరమావు_పికప్
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం పరీక్ష చేశాను. మధ్యాహ్నం లోపల ఎవరూ లేకుండా పైకప్పు లేపి, అరగంట గొట్టంతో కుట్ల మీద నీళ్లు పోశాను. లోపల పరిచిన న్యూస్‌పేపర్లు పొడిగానే ఉన్నాయి. రాత్రి మేమిద్దరం అన్నీ మూసి పడుకున్నాం. ఉదయం ఐదున్నరకు చట్రం వెంట వేలు పెట్టి గీస్తే వేలు తడిసింది. కాళ్ల దగ్గర పరుపు సరిగ్గా చట్రాన్ని తాకుతోంది. కాబట్టి నా తడి ఊపిరిదే. గండికోట గారు అడిగింది కూడా నిజమే, హార్స్‌లీ హిల్స్‌కు ముందురోజు మదనపల్లెలో వాన పడింది, తడి గుడ్డే మడిచాం. పరుపు కింద కొబ్బరి పీచు చాప వేశాను, చుట్టూ రెండు వేళ్ల సందు వదిలాను.

సెల్లారు, అమ్మ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

గండికోట_దారి
పరీక్ష చేసి చెప్పినందుకు సంతోషం. ఫిట్టర్ గారూ, సిలికాన్ గీకి తీసే మార్గం ఉంటే చెప్పండి.

పీన్యా_ఫిట్టర్
మొద్దుబారిన ప్లాస్టిక్ పలకతో వేలెడు వేలెడు చొప్పున. బ్లేడు పెట్టకండి, దారం తెగుతుంది. బూజుకు బ్లీచింగ్ వాడకండి. ఒకపాలు వెనిగర్, నాలుగు పాళ్లు నీళ్లు. శనివారం బండి తీసుకురండి, కలిసి చూద్దాం.

ఇద్దరు_పిల్లల_అమ్మ
సెల్లారు బోర్డు మీది అంకెను నమ్మకండి. మాదీ 2.1 అని రాసి ఉంది, కాని అగ్నిమాపక పైపు కింద టేపు పెట్టి కొలిస్తే 2.02 వచ్చింది. మేము కొలిచింది కప్పు గీరుకున్న తర్వాత. ఇప్పుడు వీధి చివర ఖాళీ స్థలం వారికి నెలకు కొంత ఇచ్చి అక్కడ పెడుతున్నాం. తడి గుడ్డ ఆరబెట్టడానికి అదే మేలైంది.

అమ్మగారిని పైకి ఎక్కించకండి. మా నాన్నగారి విషయంలో ఆ తప్పు చేశాం. మధ్యరాత్రి దిగాల్సి వస్తుంది, చీకట్లో నిచ్చెన మెట్టు కాలికి అందదు. వెనుక తలుపు దించితే తొట్టిలో నిలువునా కాళ్లు చాపుకునేంత చోటు వస్తుంది, కింద పరుపు వారికి వేయండి. తొట్టి ఎత్తు ఆమె నడుముకు వస్తుంది కనుక మధ్యలో వెడల్పాటి ఎత్తుపీట ఒకటి కావాలి, ఒకే మెట్టు చాలు. పీట కాళ్లకు రబ్బరు వేయించండి. తలుపు పక్కన చట్రానికి బాత్రూముల్లో బిగించే పట్టుకొయ్య ఒకటి కుడిచేతివైపు వేయించండి. మా నాన్నగారు ఎడమచేతి మనిషి, మాది రెండోసారి మార్చాల్సి వచ్చింది. మీ అమ్మగారు ఏ చేత్తో ఆనుకుని లేస్తారో ముందు ఇంట్లో మంచం దగ్గర గమనించండి.