కాలిన గాయం ఉన్నవాళ్లు పప్పు తింటే చీము పడుతుందా?

బ్రాడీపేట అమ్మాయి:
అరిసెలు వండుతుంటే మూకుడు ఒరిగి కాగే నూనె మా అమ్మ కుడిచేయి, పొట్ట మీద పడింది. ఒంటి చర్మంలో 15 శాతం కాలిందన్నారు. గుంటూరులోనే ఆస్పత్రిలో ఉంది, ఇవాళ పన్నెండో రోజు. రోజుకి ఐదు గుడ్లు, పప్పు, పాలు పెట్టమని డాక్టరు గారు చెప్పారు. ఇంటి నుంచి వచ్చే క్యారేజీలో మాత్రం పైగిన్నెలో చారన్నం, కిందగిన్నెలో బీరకాయ. పప్పుతో చీము పడుతుందని, గుడ్డుతో దురద పుడుతుందని నాయనమ్మ పట్టు. నిన్న నేనే ఉడికిన గుడ్లు కొనుక్కొస్తే అమ్మే వద్దంది, ‘మీ నాయనమ్మకి తెలిస్తే గొడవ’ అని. ఎవరి మాట వినాలి?

మిర్చియార్డు మావయ్య:
పెద్దవాళ్లు ఊరికే అనరమ్మా. నా పాదానికి దెబ్బ తగిలినప్పుడు గోంగూర పప్పు తిన్న మర్నాడే చీము. నలభై రోజులు పథ్యం చేస్తే మానింది.

వార్డు సిస్టర్:
మావయ్యగారూ, మర్నాడు మీకు కనిపించిన చీము అంతకు ముందే లోపల మొదలై ఉంటుంది. పప్పు మీద నింద పడిందంతే. చీము పట్టించేది క్రిములు. చర్మం పోయిన చోట వాటికి అడ్డు లేదు. సూడోమోనాస్ అనే క్రిమి చేరితే గాయం కట్టు ఆకుపచ్చగా మారి అదోరకం వాసన వేస్తుంది. పప్పు తిన్నవాళ్లకీ వేస్తుంది, తిననివాళ్లకీ వేస్తుంది. చేతులు కడుక్కోకుండా వచ్చి మంచం మీద కూర్చునే చుట్టాలను చూస్తేనే నాకు టెన్షన్.

అమ్మాయీ, ఒక చేయి మొత్తం కలిపితే 9 శాతం లెక్క. 15 అంటే చిన్న గాయం కాదు. కారే రసితో ఒంట్లో ప్రొటీన్ పోతూనే ఉంటుంది. మామూలు మనిషికి కిలో బరువుకి 0.8 గ్రాములు చాలు. ఎక్కువగా కాలినవాళ్లకి 1.5 నుంచి 2 గ్రాములు కావాలి. అమ్మ 50 కిలోలుంటే రోజుకి 75 గ్రాములు తక్కువ కాకుండా. గుడ్డుకి 6 గ్రాములు. చారన్నంతో ఎక్కడికి చేరతాం? తిండి చాలకపోతే కండ కరుగుతుంది, అతికించిన చర్మం కూడా సరిగా పట్టదు.

కృష్ణలంక కుర్రాడు:
బాబాయికి కాలు విరిగితే మా ఇంట్లో పాయా కాచి పోశారు. పిన్ని చీర అంటుకుని మెడ కాలితే మూడు నెలలు కారప్పొడి అన్నం. పథ్యం ఆడవాళ్ల దగ్గరే ఎందుకంత గట్టిపడుతుందో!

మిర్చియార్డు మావయ్య:
నలభై రోజులు నేను చేసింది పథ్యం కాదా బాబూ?

కృష్ణలంక కుర్రాడు:
మీ పాదం బాగానే నడుస్తోంది మావయ్యగారూ. పిన్ని మెడ ఇప్పటికీ పూర్తిగా తిరగదు. అదంతా పథ్యం వల్లే అనను. నొప్పని వ్యాయామం మానేసింది. మచ్చ ఉబ్బకుండా బిగుతు బట్ట ఇచ్చి రోజుకి 23 గంటలు వేసుకోమన్నారు. బెజవాడ మే నెల ఎండలో ఎవరు వేసుకుంటారు? చెమటకి విప్పేసింది.

పాతగుంటూరు పంతులు:
దురద గాయం మానేటప్పుడు ఎలాగూ వస్తుంది, గుడ్డు తినకపోయినా వస్తుంది. షుగరో, కిడ్నీ జబ్బో ఉంటే మాత్రం తిండి లెక్క డాక్టరునే అడగాలి. నాయనమ్మతో వాదించకమ్మా. ఆయుర్వేదంలో పుండు ఉన్నవాళ్లకి పెసరకట్టు పథ్యమే. అక్కడ మొదలుపెట్టు. అర నిమిషంలో ‘ఐదు గుడ్లు’ అనేసి వెళ్లే డాక్టరు మాట ఆవిడ చెవికెక్కదు. ఒకసారి వార్డుకి తీసుకెళ్లి ఆవిడకే చెప్పించు.

వార్డు సిస్టర్:
పంతులుగారి మాట బాగుంది. కాకపోతే పెసరకట్టు అంటే పప్పు ఉడికిన నీళ్లే. ముద్దపప్పు పెట్టమను.

బ్రాడీపేట అమ్మాయి:
ఇవాళ క్యారేజీలో పెసర ముద్దపప్పు, నెయ్యి వచ్చాయి! నాయనమ్మ వార్డుకొచ్చి డాక్టరు గారినే నిలదీసింది. చివరికి తెల్లసొన వరకు ఒప్పుకుంది, అదీ ‘మందు కింద’. పచ్చసొనలు మా తమ్ముడు తింటున్నాడు. గురువారం తొడ నుంచి చర్మం తీసి చేతికి అతికిస్తారట.

వార్డు సిస్టర్:
గుడ్డులో సగానికి పైగా ప్రొటీన్ తెల్లసొనలోనే ఉంటుంది, కానివ్వు. బుధవారం రాత్రి ఎన్నింటి నుంచి ఏమీ పెట్టకూడదో అడిగి రాసుకో. నాయనమ్మకీ చెప్పు, ప్రేమకొద్దీ తెల్లారే పాలు పట్టించగలదు.