'నాట్ రెడీ టు మేక్ నైస్': రేడియోవాళ్ళు చేసింది న్యాయమేనా?

పల్లవి_చరణం: కంట్రీ (అమెరికా పల్లెపాటల బాణీ) పాడే ముగ్గురమ్మాయిల బ్యాండ్ డిక్సీ చిక్స్ (2020 నుంచి ఉత్త 'ది చిక్స్') 2006 నాటి ఈ పాట మొన్న కారులో మళ్ళీ విన్నాను. తెలియనివాళ్ళకి: 2003 మార్చిలో, ఇరాక్ యుద్ధానికి పది రోజుల ముందు, లండన్ కచేరీలో వాళ్ళ ప్రధాన గాయని నాటలీ మెయిన్స్, అధ్యక్షుడు బుష్ మా టెక్సస్‌వాడైనందుకు సిగ్గుగా ఉందంది. అంతే, కంట్రీ రేడియో వీళ్ళని పక్కన పెట్టేసింది. మూడేళ్ళకి ఈ పాటతో, తగ్గేది లేదు, కోపం ఇంకా చల్లారలేదు అని జవాబిచ్చారు. మీరేమంటారు?

డాలస్_రాజు: న్యాయమే. పైగా ఇది కంట్రీ పాటే కాదు. కంట్రీ చార్టులో 36వ స్థానం దాటి పైకి రాలేదు.

పల్లవి_చరణం: రేడియోలో వేస్తేగా దాటడానికి! అన్ని రకాల పాటలూ ఉండే హాట్ 100 చార్టులో 4 దాకా వెళ్ళింది. 2007లో ఐదు గ్రామీలు, అందులో రికార్డ్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ రెండూ ఈ పాటకే.

డాలస్_రాజు: 4 వచ్చింది గ్రామీ తర్వాత. అంతకుముందు 23. అవన్నీ జాలి ఓట్లు. ప్రొడ్యూసరేమో రాప్, మెటల్ చేసిన రిక్ రూబిన్. కంట్రీ పాటల్లో మోగే తీగవాద్యం బాంజో ఎక్కడుంది, నాకైతే వినపడలేదు.

నైట్‌షిఫ్ట్: ఆయన కంట్రీ దిగ్గజం జానీ క్యాష్‌కీ చేశాడు బ్రో

డాలస్_రాజు: క్యాష్ వేరు.

మిరపబజ్జీ: ఎలా వేరో కూడా సెలవివ్వండి

హ్యూస్టన్_మామ: యుద్ధమప్పుడు నేనిక్కడ హెచ్1బీ మీద ఉన్నా. లంచ్‌లో 'ఈ యుద్ధం అవసరమా' అన్నానంతే, రెండు వారాలు నా టేబుల్ దగ్గరికి ఒక్కడూ రాలేదు. గ్రీన్ కార్డు భయంతో నోరు కుట్టేసుకున్నా. డబ్బున్నవాళ్ళు ఏదైనా అనగలరు, మనబోటివాళ్ళం ఎక్కడ అనగలం?

పల్లవి_చరణం: మామగారూ, డబ్బున్నా వదల్లేదు కదా. అప్పుడు కంట్రీ చార్టులో వాళ్ళ 'ట్రావెలిన్ సోల్జర్' నంబర్ వన్. యుద్ధానికెళ్ళి తిరిగిరాని కుర్రాడి పాట అది! సైనికుల పరువు పోయిందంటూ సైనికుడి పాటనే ఆపారు.

డాలస్_రాజు: అబ్బా, యుద్ధం గొడవ కాదండీ! లండన్‌లో ఎందుకనాలి? నాటలీ టెక్సస్‌లోని లబ్బాక్ అమ్మాయి, అక్కడే అనొచ్చుగా. ఇంటి గుట్టు పరాయివాళ్ళ ముందు విప్పడమే నాకు మండుతుంది.

పల్లవి_చరణం: ఓహో, ఇదా అసలు సంగతి, బాంజో కాదన్నమాట. మరి మీరు డాలస్‌లో కూర్చుని మన ఊరి రోడ్లని వారానికోసారి ఇక్కడ తిడతారే?

డాలస్_రాజు: తెలుగులో తిడతా. మనవాళ్ళ మధ్య. తెల్లవాడి ముందు ఒక్క మాట అనను, అననివ్వను.

నైట్‌షిఫ్ట్: అంటే లండన్‌లో తెలుగులో అనుంటే ఓకేనా 😂

హ్యూస్టన్_మామ: వాళ్ళు టెక్సస్‌కీ వచ్చారు రాజుగారూ. 2003 జూలైలో డాలస్ షోకి ముందు చంపేస్తామని ఉత్తరం వచ్చినా పాడే వెళ్ళారు. ఆ ఉత్తరం గురించే ఈ పాటలో ఉంది.

డాలస్_రాజు: తెలుసు. ఆ షోకి రెండు టికెట్లు కొన్నా. 'ఎవరైనా ఆఫీసువాళ్ళు చూస్తే?' అంది మా ఆవిడ. సగం ధరకి అమ్మేశా. ఆ మిగతా సగం నాటలీయే నాకు ఇవ్వాలి.